రేడియో బల్ల మీద ఏ కంప్యూటర్? హామ్ అభిరుచి ఉన్నవారికి ఒక పోలిక

హామ్ రేడియోలోకి, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియోలో మాట్లాడుకోవడంలోకి, కొత్తగా వచ్చినవారు కంప్యూటర్ గురించి అడిగేటప్పుడు ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత అనే రెండు ప్రశ్నలతోనే మొదలుపెడతారు. ఆటల కోసమో వీడియో ఎడిటింగ్ కోసమో కొనేవారికి అవి సరైన ప్రశ్నలే. రేడియో పక్కన పెట్టే కంప్యూటర్ విషయంలో మాత్రం వాటి వంతు చివర వస్తుంది. ముందుగా తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: మీరు వాడక తప్పని ప్రోగ్రాములు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, ఆ యంత్రమూ దాని ఛార్జరూ మీ రిసీవర్‌లోకి ఎంత రొద తెస్తాయి, దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, ఇంట్లో ఇంకెవరెవరు దాన్ని వాడతారు. ఈ నాలుగింటికీ జవాబులు దొరికాక మిగిలే యంత్రాలు రెండో మూడో ఉంటాయి, వాటిలో ఏది తీసుకున్నా పెద్దగా నష్టం ఉండదు.

వేగానికి ఇంత తక్కువ స్థానం ఇవ్వడానికి కారణం ఉంది. రేడియో నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే సమాచారం చాలా సన్నని ధార. ఒక మాటల ఛానల్ వెడల్పు 3 కిలోహెర్ట్జ్ లోపే ఉంటుంది. బలహీనమైన సిగ్నల్‌తో పొట్టి సందేశాలు పంపే ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి సిగ్నల్ 50 హెర్ట్జ్‌లో ఇమిడిపోతుంది, సెకనుకు 6.25 సంకేతాల చొప్పున నింపాదిగా నడుస్తుంది. కీబోర్డుతో టైపు చేసి మాట్లాడుకునే పీఎస్‌కే31 పద్ధతి వేగం 31.25 బాడ్, అంటే సెకనుకు 31.25 సంకేతాలు. సౌండ్ కార్డ్ సెకనుకు 48,000 నమూనాలు తీసుకుంటే వీటన్నిటికీ సరిపోయి ఇంకా మిగులుతుంది. ఎఫ్‌టీ8 కోసం ఎక్కువ మంది వాడే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాము కూడా తన మార్గదర్శిలో 1.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 200 మెగాబైట్ల ఖాళీ మెమరీ ఉంటే చాలనీ, అంతకు మించి ఉంటే మంచిదనీ చెబుతుంది. పదేళ్ల నాటి ఆఫీసు కంప్యూటర్‌కు కూడా ఇది కష్టమైన పని కాదు.

వేగం నిజంగా అవసరమయ్యే రెండు సెకన్లు

అయినా వేగాన్ని పూర్తిగా పక్కన పెట్టలేని సందర్భాలు రెండు ఉన్నాయి, మొదటిది ఎఫ్‌టీ8లోనే. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ దీన్ని రూపొందించారు. వీరిలో టేలర్ పల్సార్ల పరిశోధనకు 1993లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న ఖగోళ శాస్త్రవేత్త. ఆకాశపు రొదలోంచి బలహీనమైన సంకేతాలను ఏరుకోవడం అలవాటైన మనిషి తయారుచేసిన పద్ధతి కాబట్టి, 2,500 హెర్ట్జ్ వెడల్పులో ఉండే రొద కంటే దాదాపు 20 డెసిబెల్‌లు కిందనున్న సిగ్నల్‌ను కూడా అది పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ పట్టుకునే లెక్కంతా చేయవలసింది మీ కంప్యూటరే.

ఎఫ్‌టీ8లో ఒక్కో విడత 15 సెకన్లు. ప్రసారం విడత మొదలైన అర సెకను తర్వాత ఆరంభమై 12.64 సెకన్లు సాగుతుంది, అంటే 13.14వ సెకనుకు ముగుస్తుంది. తర్వాతి విడత మొదలయ్యేలోగా మిగిలేది 1.9 సెకన్లు మాత్రమే. బ్యాండ్ (హామ్‌లకు కేటాయించిన తరంగాల పట్టీ) రద్దీగా ఉన్నప్పుడు ముప్పై నలభై సిగ్నళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, ప్రోగ్రాము బలమైనవాటిని ముందు గుర్తించి, వాటిని తీసివేసి, వాటి కింద దాగినవాటి కోసం మళ్లీ వెతుకుతుంది. ఇటీవలి వెర్షన్లు విడత పూర్తి కాకముందే మొదటి దఫా డీకోడింగ్ (సంకేతాన్ని సందేశంగా మార్చడం) మొదలుపెడతాయి కాబట్టి నెమ్మది యంత్రాల అవస్థ కొంత తగ్గింది. అప్పటికీ లోతైన డీకోడింగ్ ఎంచుకున్నప్పుడు రాస్ప్‌బెర్రీ పై లాంటి పాత చిన్న బోర్డు కంప్యూటర్ల మీద ఫలితాలు తర్వాతి విడతలోకి జారుకుంటాయి. మీరు జవాబివ్వాలనుకున్న స్టేషన్ పేరు తెర మీదికి వచ్చేసరికి జవాబిచ్చే సమయం దాటి రెండు సెకన్లయి ఉంటుంది. దీనికంటే వేగంగా నడిచే ఎఫ్‌టీ4లో విడత 7.5 సెకన్లే కాబట్టి అక్కడ ఓపిక ఇంకా తక్కువ.

వేగం అక్కరకొచ్చే రెండో చోటు సాఫ్ట్‌వేర్ రేడియో, అంటే సిగ్నల్‌ను విడదీసే పని కంప్యూటర్ ప్రోగ్రామే చేసే రేడియో. చవకగా దొరికే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ సెకనుకు 24 లక్షల జంట నమూనాలు పంపుతుంది, ఒక్కో నమూనా 8 బిట్‌లు కాబట్టి సెకనుకు దాదాపు 48 లక్షల బైట్లు. ఇది యూఎస్‌బీ 2 తీగకు బరువు కాదు. కానీ దాన్ని విడదీసి రంగురంగుల జలపాతంగా తెర మీద గీయడానికి ప్రాసెసర్‌తో పాటు గ్రాఫిక్స్ కూడా ఓ మోస్తరుగా ఉండాలి. బ్యాండ్‌లోని సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) స్టేషన్లన్నిటినీ ఒకేసారి వినే స్కిమ్మర్ లాంటి ప్రోగ్రాములు ఇంకా ఎక్కువ అడుగుతాయి. ఈ రెండూ మీకు అక్కర్లేకపోతే ప్రాసెసర్ గురించిన చర్చను ఇక్కడితో ఆపవచ్చు.

ముందు ప్రోగ్రాములు, తర్వాత యంత్రం

ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో జరిగే వాదనల్లో చాలా భాగం ఇష్టాయిష్టాల గురించి సాగుతుంది. నిర్ణయించేవి మాత్రం రెండు మూడు ప్రోగ్రాములే. కాంటెస్టుల్లో (తక్కువ సమయంలో ఎక్కువ స్టేషన్లను కలిసే పోటీల్లో) గట్టిగా పోటీపడేవారికి, మాట్లాడిన స్టేషన్లను నమోదు చేసే ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ దాదాపు తప్పనిసరి, అది విండోస్ కోసమే రాసినది. విన్‌లింక్ ద్వారా రేడియో మీద ఈమెయిల్ పంపేవారు ఎక్కువగా ఆధారపడే వారా మోడెమ్ కూడా అంతే. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ సాయంతో వారాను నడిపేవారున్నారు, బాగానే నడుస్తుంది కూడా. కానీ తుపానులో అత్యవసర సందేశం పంపవలసిన యంత్రం మీద ఆ అదనపు పొరను నేనైతే పెట్టుకోను. డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతిలో నడిచే చేతి రేడియోలను ప్రోగ్రాము చేసే తయారీదారుల సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కువగా విండోస్‌కే దొరుకుతుంది. సాధారణ అనలాగ్ చేతి రేడియోలకు మాత్రం వాటిని ప్రోగ్రాము చేసే చర్ప్ అన్నిటి మీదా నడుస్తుంది కాబట్టి ఆ చిక్కు లేదు.

ఇవేవీ మీ అవసరాల్లో లేకపోతే లినక్స్ చాలా మంచి ఎంపిక. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, మరికొన్ని డిజిటల్ పద్ధతుల కోసం ఎఫ్ఎల్‌డిజి, జేఎస్8కాల్, ఏపీఆర్‌ఎస్ (స్థానం, పొట్టి సందేశాలు పంపే పద్ధతి) కోసం డైర్‌వుల్ఫ్, విన్‌లింక్ కోసం పాట్, లాగింగ్ కోసం సీక్యూఆర్‌లాగ్ ఇవన్నీ అక్కడ సొంత ఇంట్లో ఉన్నట్టు నడుస్తాయి. రేడియోను అదుపు చేసే హామ్‌లిబ్ అక్కడ స్థిరంగా ఉంటుంది. మధ్యరాత్రి అడగకుండా తనంతట తాను రీస్టార్ట్ అయ్యే అలవాటు దానికి లేదు. మొదటి రోజు పడే తిప్పలు మాత్రం కొన్ని తెలిసే ఉండాలి. మీ యూజర్ ఖాతాను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చకపోతే సీరియల్ పోర్టు తెరుచుకోదు. బ్రెయిలీ పరికరాల కోసం ఉద్దేశించిన బ్రెల్‌టీటీవై అనే సేవ కొన్ని లినక్స్ పంపిణీల్లో సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ కేబుల్‌ను బ్రెయిలీ పరికరంగా పొరబడి ఆక్రమించుకుంటుంది, అది అవసరం లేనివారు తొలగిస్తే సరిపోతుంది. రెండు సీరియల్ పరికరాలు ఉన్నప్పుడు ప్రతి రీస్టార్ట్‌కూ వాటి వరుస సంఖ్యలు తారుమారయ్యే అవకాశం ఉంది కాబట్టి, ప్రోగ్రాముల్లో సంఖ్యతో కాకుండా పరికరం గుర్తింపుతో వచ్చే స్థిరమైన పేరును ఇవ్వడం మేలు.

మ్యాక్ ఉన్నవారు దాన్ని వదిలి వేరేది కొనవలసిన పని లేదు. మ్యాక్‌లాగర్‌డీఎక్స్, రమ్‌లాగ్‌ఎన్‌జీ రెండూ చక్కని లాగింగ్ ప్రోగ్రాములు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ కూడా నడుస్తుంది, కాకపోతే దానికి కావలసినంత షేర్డ్ మెమరీ కేటాయించడానికి ఒక సెట్టింగుల ఫైలును సిస్టమ్ ఫోల్డర్‌లో చేర్చాలి, సూచనలు ప్రోగ్రాముతోనే వస్తాయి. అయితే రేడియో కోసమే కొత్తగా మ్యాక్ కొనమని మాత్రం చెప్పలేను. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో విండోస్‌ను వర్చువల్ యంత్రంగా నడపవచ్చు, పాత ప్రోగ్రాములు కూడా అనుకరణలో నడుస్తాయి. కానీ హార్డ్‌వేర్ డ్రైవర్లకు ఆ అనుకరణ వర్తించదు. కేబుల్ తయారీదారు ఆర్మ్ (ఆపిల్ చిప్‌ల తరహా) విండోస్ డ్రైవర్ ఇవ్వకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

పాత విండోస్ యంత్రాల గురించి ఒక మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్‌నూ, కొంచెం కొత్త తరం ప్రాసెసర్‌నూ అడుగుతుంది. ఫలితంగా ఆఫీసులు వదిలించుకునే కంప్యూటర్లు, రేడియో పనికి నిక్షేపంగా సరిపోయేవి, పుష్కలంగా బయటికి వస్తున్నాయి. వాటి మీద లినక్స్ వేసుకోవడం తెలివైన పని. విండోస్ తప్పనివారు దాన్ని ఇంటి నెట్‌వర్క్ నుంచి వేరు చేసి, బ్రౌజింగ్‌కూ బ్యాంకు లావాదేవీలకూ వాడకుండా రేడియోకే పరిమితం చేయాలి.

బల్ల కంప్యూటర్, ల్యాప్‌టాప్, మినీ పీసీ, చిన్న బోర్డు

పెద్ద డెస్క్‌టాప్‌కు ఈనాటికీ చెల్లుబాటు ఉన్నది రెండు రకాలవారి దగ్గర. కాంటెస్టుల్లో లాగ్, బ్యాండ్‌మ్యాప్ (ఏ స్టేషన్ ఎక్కడుందో చూపే పటం), స్కోరు కిటికీలను రెండు మూడు తెరల మీద పరచుకునేవారు మొదటి రకం. పాత రేడియోలు ఉండి నిజమైన సీరియల్ పోర్టు కావలసినవారు రెండో రకం. సీరియల్ పోర్టు సంకేతపు తీగతో సీడబ్ల్యూ కీయింగ్ చేసేవారు ఒక విషయం గమనించే ఉంటారు: ఆపరేటింగ్ సిస్టమ్‌కు వేరే పని తగిలినప్పుడు చుక్కలు, గీతల నిడివి తడబడుతుంది, యూఎస్‌బీ కన్వర్టర్ మధ్యలో ఉంటే ఇంకా ఎక్కువ. దీనికి మందు వేగవంతమైన కంప్యూటర్ కాదు. అక్షరాలను మాత్రమే కంప్యూటర్ నుంచి తీసుకుని, కాలపు లెక్కను తానే చూసుకునే విన్‌కీయర్ లాంటి చిన్న పరికరం పెట్టుకుంటే అతి మామూలు యంత్రం మీద కూడా కీయింగ్ నిలకడగా ఉంటుంది.

ల్యాప్‌టాప్ ఎక్కువమందికి మొదటి రేడియో కంప్యూటర్, చాలామందికి అదే చివరిదీ అవుతుంది. తెర, కీబోర్డు, బ్యాటరీ అన్నీ ఒకేచోట ఉంటాయి. ఆరుబయట ఆపరేషన్‌కు తీసుకుపోవచ్చు. దీని అసలు గొప్పతనం మరొకటి, ఛార్జర్ పీకేసి పని చేసుకోగలగడం. బలహీనమైన స్టేషన్ కోసం చెవులు రిక్కించిన పది నిమిషాలు ఛార్జర్ లేకుండా గడిపితే చాలు, ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. లోపాలూ ఉన్నాయి. రోజంతా ఛార్జర్‌కే తగిలించి ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి, ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉన్న మోడల్ చూసుకోవాలి. యూఎస్‌బీ పోర్టులు రెండు మూడే ఉంటాయి. రేడియో, మౌస్, జీపీఎస్ తగిలించేసరికి హబ్ అవసరమవుతుంది, ఆ హబ్ సొంత విద్యుత్తుతో నడిచేదైతేనే నమ్మకం. ఎండలో తెర కనబడకపోవడం ఆరుబయటకు వెళ్లేవారందరి ఫిర్యాదు. కొనేముందు తెర ప్రకాశం ఎన్ని నిట్స్ అన్నది చూడటం ప్రాసెసర్ తరం చూడటం కంటే ముఖ్యం.

ఇంట్లో ఒకేచోట ఉండే రేడియోకు నేను ముందుగా సూచించేది మినీ పీసీ, లేదా ఆఫీసుల్లో వాడి వదిలేసిన అరచేతి మందం చిన్న డెస్క్‌టాప్. ఇంటెల్ ఎన్100 లాంటి 6 వాట్ల తరగతి ప్రాసెసర్ ఉన్నవి కూడా ఎఫ్‌టీ8 లోతైన డీకోడింగ్‌ను ఆ రెండు సెకన్లలో సునాయాసంగా ముగిస్తాయి. సాధారణ ప్రోగ్రాములన్నీ మార్పు లేకుండా వేసుకోవచ్చు. వీటిలో చాలావాటికి 12 వోల్టుల డీసీ ఇన్‌పుట్ ఉంటుంది కాబట్టి, రొద చేసే అడాప్టర్‌ను తీసేసి రేడియోకున్న విద్యుత్తుతోనే నడపాలన్న ఆశ సహజంగా పుడుతుంది. కొంచెం ఆగండి. రేడియో సప్లై 13.8 వోల్టులు ఇస్తుంది, అడాప్టర్ 12 ఇచ్చేది. యంత్రం అంత తేడాను తట్టుకుంటుందని తయారీదారు స్పష్టంగా చెప్పకపోతే మధ్యలో ఒక రెగ్యులేటర్ ఉండి తీరాలి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ మీద హామ్‌లకున్న మమకారం ఎక్కువ, నాకూ ఉంది. అందుకే దాని పరిమితులు కాస్త వివరంగా చెప్పాలి. పై 4 వరకు వచ్చిన బోర్డులకు కరెంటు పోయినా నడిచే గడియారం లేదు, నెట్‌వర్క్ లేని కొండ మీద ఆన్ చేస్తే అవి పాత సమయంతో లేస్తాయి. 2023లో వచ్చిన పై 5లో గడియారం ఉంది, దానికి చిన్న బ్యాటరీ విడిగా తగిలించాలి. ఏ రాస్ప్‌బెర్రీ పైకీ మైక్ ఇన్‌పుట్ లేదు, పై 5లో హెడ్‌ఫోన్ జాక్ కూడా తీసేశారు. కాబట్టి రేడియోలో సౌండ్ కార్డ్ లేకపోతే బయటది తప్పదు. పై 5 పూర్తిగా పనిచేయడానికి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇవ్వగల సప్లై కావాలి, అంతకంటే చిన్నది పెడితే యూఎస్‌బీ పరికరాలకిచ్చే కరెంటును 600 మిల్లీఆంపియర్లకు కుదించేస్తుంది. అప్పుడు మీ డాంగిల్ ఎందుకు తెగిపోతోందో అర్థం కాక గంటలు పోతాయి. హఠాత్తుగా కరెంటు తీసేస్తే మెమరీ కార్డు పాడవడం పాత సంగతే, ఎస్‌ఎస్‌డీ వాడినా లేక కార్డును చదవడానికి మాత్రమే వీలుగా పెట్టినా అది చాలావరకు తగ్గుతుంది. ఈ చిరాకులన్నీ భరించదగ్గవే, పై చేయవలసిన పని సరైనదైతే. ఏపీఆర్‌ఎస్ సందేశాలను ఇంటర్నెట్‌కు చేర్చే ఐగేటు, తక్కువ శక్తితో తన ఉనికిని తెలుపుతూ రెండేసి నిమిషాల విడతలతో నడిచే డబ్ల్యూఎస్‌పీఆర్ బీకన్, చేతి రేడియోను ఇంటర్నెట్‌కు కలిపే డిజిటల్ హాట్‌స్పాట్ లాంటి పనులకు, తెర లేకుండా మూలన కూర్చుని నెలల తరబడి నడిచే యంత్రంగా, దానికి సాటి లేదు. రోజూ ఎదురుగా కూర్చుని నాలుగు కిటికీలు తెరిచి పనిచేసే యంత్రంగా మాత్రం అదే ఖర్చులో దొరికే వాడిన మినీ పీసీ హాయిగా ఉంటుంది.

టాబ్లెట్లు, ఫోన్ల మీద ఎఫ్‌టీ8 చేసే ఎఫ్‌టీ8సీఎన్ వంటి యాప్‌లు ఉన్నాయి. జేబులో పట్టే రేడియోతో కొండెక్కేవారికి అవి ముచ్చటైన తోడు. ప్రధాన యంత్రానికి బదులు కాలేవు.

ఆరుబయట లెక్క వేరు

బ్యాటరీ మీద నడిపేటప్పుడు పోలిక వాట్లలో జరగాలి. 12.8 వోల్టుల, 20 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 256 వాట్-గంటలు. సుమారు 20 వాట్లు తాగే ల్యాప్‌టాప్ ఒక్కటే దాన్ని 12–13 గంటల్లో ఖాళీ చేస్తుంది. చిన్న తెరతో కలిపి 10 వాట్లు తీసుకునే రాస్ప్‌బెర్రీ పై దానికి రెట్టింపు కాలం నడుస్తుంది. వినడంలో ఒక ఆంపియర్ తీసుకునే 100 వాట్ల తరగతి రేడియో ఖర్చు 13 వాట్ల దాకా ఉంటుంది కాబట్టి, ఆరుబయట వింటున్నంతసేపూ రేడియో కంటే ల్యాప్‌టాపే ఎక్కువ కాల్చేస్తుందన్నమాట. అయితే ల్యాప్‌టాప్‌కు తన సొంత బ్యాటరీ ఉంటుంది. నాలుగైదు గంటల ఆపరేషన్ అయితే అది రేడియో బ్యాటరీని ముట్టుకోదు కూడా. అందుచేత ఒక పూట కార్యక్రమానికి ల్యాప్‌టాప్, రెండు మూడు రోజుల శిబిరానికి తక్కువ వాట్ల యంత్రం అన్నది న్యాయమైన తీర్పు. రాస్ప్‌బెర్రీ పైకి 12 వోల్టుల నుంచి 5 వోల్టులు ఇచ్చే చవక కన్వర్టర్లు స్వయంగా రొద పుట్టించే పరికరాలని మరచిపోకూడదు.

గడియారం సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎఫ్‌టీ8కు కంప్యూటర్ సమయం ఒక సెకను లోపు తేడాతో ఉండాలి. ఇంట్లో నెట్‌వర్క్ ఉంటే లినక్స్‌లో క్రోనీ, విండోస్‌లో మైన్‌బర్గ్ ఎన్‌టీపీ ఆ పని చూసుకుంటాయి. నెట్‌వర్క్ లేనిచోట యూఎస్‌బీ జీపీఎస్ పక్ చాలు. దానిలో ఆలస్యం సెకనులో పదో వంతు అటూఇటూగా ఉన్నా ఈ అవసరానికి ఇబ్బంది లేదు.

రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య

యంత్రం కంటే ఎక్కువ గొడవలు ఈ మధ్య దారిలోనే పుడతాయి. ఐసీ-7300 లాంటి నేటి రేడియోల్లో సౌండ్ కార్డు, సీరియల్ పోర్టు రెండూ లోపలే ఉండి ఒకే యూఎస్‌బీ తీగలో వస్తాయి. ఇలాంటి రేడియో ఉన్నవారు వేరే ఇంటర్‌ఫేస్ కొనవలసిన అవసరం లేదు. పాత రేడియో ఉన్నవారికి సిగ్నాలింక్, డిజిరిగ్ వంటివి ఉన్నాయి. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్లతో రేడియోను విద్యుత్తుపరంగా వేరు చేస్తుంది, ధ్వని రాగానే తానే ప్రసారంలోకి మారుస్తుంది, ముందువైపు మీటలతో మట్టం సరిచేసుకోవచ్చు. రెండోది చాలా చిన్నది, రేడియో నియంత్రణకు సీరియల్ లైన్ కూడా అందులోనే ఉంది కాబట్టి సంచిలో వేసుకుపోవడానికి అనువు. సీరియల్ కేబుల్ కొనేటప్పుడు లోపలి చిప్ పేరు అడగడం మంచిది. నకిలీ చిప్‌లున్న కేబుళ్లను కొత్త డ్రైవర్లు గుర్తించడానికి నిరాకరిస్తాయి. నేను ఒకసారి అలాంటి కేబుల్‌తో ఒక ఆదివారమంతా పోగొట్టుకుని, రేడియోలోనే లోపముందని నమ్మి దాన్ని విప్పే దాకా వెళ్లాను.

సౌండ్ సెట్టింగుల్లో మూడు సంగతులు ఏ యంత్రానికైనా వర్తిస్తాయి. నమూనా రేటు 48,000 దగ్గర ఉంచాలి, ఆపరేటింగ్ సిస్టమ్ అందించే ధ్వని మెరుగుదలలన్నీ ఆపేయాలి, రేడియోలో ప్రసార మట్టాన్ని అదుపు చేసే ఏఎల్‌సీ సూచిక కదలనంత వరకే ధ్వని మట్టం ఇవ్వాలి. వీటికి తోడు, రేడియో సౌండ్ కార్డును ఎప్పుడూ కంప్యూటర్ ప్రధాన సౌండ్ పరికరంగా ఎంచుకోకూడదు. ఈ మాట నిర్లక్ష్యం చేసిన ఒక రాత్రి, ఇంట్లోవారి ఈమెయిల్ వచ్చిన గంట చప్పుడు నా యాంటెన్నా నుంచి 20 మీటర్ల బ్యాండ్ అంతటికీ వినిపించింది. రేడియో కంప్యూటర్‌ను రేడియోకే ఉంచాలని అప్పటి నుంచి పట్టుబడుతున్నాను. అందరూ పంచుకునే శక్తివంతమైన కొత్త యంత్రం కంటే, ఒక్క రేడియోకే కట్టుబడిన పాత యంత్రం ఏ రోజైనా నయం. దాని సెట్టింగులు ఎవరూ మార్చరు, అప్‌డేట్ ఎప్పుడు వేయాలో మీరే నిర్ణయిస్తారు.

రేడియో ఒక గదిలో, మీరు మరో గదిలో ఉండాలనుకుంటే కూడా ఈ పద్ధతే కలిసివస్తుంది. మినీ పీసీనో రాస్ప్‌బెర్రీ పైనో రేడియో పక్కనే ఉంచి, దాని తెరను మాత్రం వీఎన్‌సీ (దూరపు తెరను చూపే ప్రోగ్రాము) ద్వారా మీ ల్యాప్‌టాప్‌లో చూడవచ్చు. డిజిటల్ మోడ్‌ల్లో ధ్వని అంతా రేడియో పక్క యంత్రంలోనే డీకోడ్ అవుతుంది కాబట్టి నెట్‌వర్క్ మీద ప్రయాణించేది తెర బొమ్మ ఒక్కటే. మాటల్లో పనిచేసేవారికి ధ్వని కూడా ఆలస్యం లేకుండా రావాలి, అప్పుడు నెట్‌వర్క్ సదుపాయం రేడియోలోనే ఉండటం మేలు.

రొద: అన్నిటికంటే తక్కువగా చూసేది, అన్నిటికంటే ఎక్కువగా చూడవలసింది

ప్రకటనల్లో ఎక్కడా రాయని గుణం ఇది. స్విచింగ్ పద్ధతిలో నడిచే ఛార్జర్లు, తెరల అడాప్టర్లు, హబ్‌లు అన్నీ హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బ్యాండ్‌ల్లో రొద చిమ్ముతాయి. ఈథర్‌నెట్ తీగలు 14.030, 21.052 మెగాహెర్ట్జ్‌ల సమీపంలో ఈలలు వేయడం చాలామందికి అనుభవమే. సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద ఒక్కో గీత దాదాపు 6 డెసిబెల్‌లు కాబట్టి, కంప్యూటర్ వల్ల రొద రెండు గీతలు పెరిగితే దాని కిందకు వెళ్లిన స్టేషన్లను ఎంత మంచి యాంటెన్నా అయినా తిరిగి తేలేదు. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌కు రెండు రకాల ఛార్జర్లు రావడం, వాటిలో ఒకటి నిశ్శబ్దంగా ఉండి రెండోది గోల చేయడం మామూలే. కాబట్టి మోడల్ పేరు చూసి ఇది రొద చేయదని హామీ ఇవ్వడం ఎవరి తరమూ కాదు, కొన్న తర్వాత వెనక్కి ఇచ్చే వీలుందో లేదో చూసుకోవడమే దారి.

రొదకు ఎదురు దిశలో మరో బాధ ఉంది. మీరు ప్రసారం చేసినప్పుడు యాంటెన్నా తీగ బయటి తొడుగు మీదుగా ఆర్‌ఎఫ్ (ప్రసార శక్తి) వెనక్కి వచ్చి యూఎస్‌బీని తెంపేయవచ్చు, మౌస్‌ను బిగుసుకుపోయేలా చేయవచ్చు, ఒక్కోసారి రేడియోను ప్రసారంలోనే ఇరికించవచ్చు. చివర నుంచి ఫీడ్ చేసే తీగ యాంటెన్నాలతో ఇది ఎక్కువ. కంప్యూటర్ మార్చడం దీనికి పరిష్కారం కాదు. యాంటెన్నా ఫీడ్ పాయింట్ (తీగ కలిసే చోటు) దగ్గర ఆ శక్తిని అడ్డుకునే చోక్, పొట్టిగా మంచి కవచం ఉన్న యూఎస్‌బీ తీగ, దాని మీద 31 రకపు ఫెరైట్ (రొదను అణిచే అయస్కాంత పదార్థపు రింగు) ఉంటే సాధారణంగా సమస్య తీరుతుంది. ఫెరైట్ రింగులోంచి తీగను ఒక్కసారి దూర్చడానికీ, ఐదారు చుట్లు చుట్టడానికీ చాలా తేడా ఉంది, అవరోధం దాదాపు చుట్ల సంఖ్య వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ఆ పైపై క్లిప్పులు ఒక్కొక్కటి తగిలించి ఫలితం లేదనడం తొందరపాటు.

కొనే ముందు, ఇంట్లో ఉన్నదానితో

ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతున్నవారు ఇంట్లో పడి ఉన్న ఏ ల్యాప్‌టాప్‌నైనా ఒక వారం రేడియోకు తగిలించి మూడు కొలతలు రాసుకోవాలి. రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ, 40 మీటర్ల బ్యాండ్‌లో స్టేషన్ లేని చోట ఎస్-మీటర్ ఎంత చూపుతోందో కంప్యూటర్ పూర్తిగా ఆపి ఒకసారి, బ్యాటరీ మీద నడుస్తుండగా ఒకసారి, ఛార్జర్ తగిలించి ఒకసారి చూడాలి. సాయంత్రం రద్దీ వేళ లోతైన డీకోడింగ్‌తో ఎఫ్‌టీ8 ఫలితాలు తర్వాతి విడత మొదలయ్యేలోగా పూర్తవుతున్నాయో లేదో గమనించాలి. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ తెరలోని డీటీ (సమయ తేడా) వరుసలో వచ్చే అంకెలు అన్ని స్టేషన్లకూ ఒకే వైపు జరిగి ఉంటే తప్పు మీ గడియారానిది. మొదటి కొలతలో ఛార్జర్ దగ్గర మాత్రమే తేడా కనిపిస్తే ఛార్జర్ మార్చండి, రెండోదానిలో ఆలస్యం కనిపిస్తే యంత్రం మార్చండి, మూడోదానికి సమయాన్ని సరిచేసే ప్రోగ్రాము వేసుకోండి. యంత్రం మార్చవలసి వచ్చినవారు ఎన్1ఎంఎం, వారా అవసరమైతే విండోస్ ఉన్న మినీ పీసీ, అవసరం లేకపోతే అదే మినీ పీసీ మీద లినక్స్, నెలకు రెండు మూడుసార్లయినా ఆరుబయటికి వెళ్లేవారైతే ప్రకాశవంతమైన తెర ఉన్న వాడిన ల్యాప్‌టాప్ తీసుకోవచ్చు. ఏది కొన్నా మొదటి రోజే పై మూడు కొలతలు మళ్లీ తీసి, పాత అంకెల పక్కనే రాసుకోండి. వెనక్కి ఇచ్చే గడువు ముగిసేలోగా ఆ కాగితం అవసరమవుతుంది.